కొమ్మ కొట్టడానికీ పర్మిషనా?

వానాకాలం దగ్గరపడగానే మన వీధుల్లో ఏటా కనిపించే దృశ్యం ఇది. పొద్దున్నే కరెంటు పోతుంది. ఒక వ్యాను వచ్చి చెట్టు కింద ఆగుతుంది. ఇద్దరు మనుషులు కత్తులు పట్టుకుని పైకెక్కుతారు. గంట గడిచేసరికి వేపచెట్టుకు ఒక పక్క కొమ్మలన్నీ నేలమీద ఉంటాయి. ఆ వీధిలోని ఒక పెద్దాయన ఇంట్లోంచి వచ్చి, "అయ్యా, దీనికి పర్మిషను తీసుకున్నారా?" అని అడిగాడనుకోండి. అందరూ నవ్వుతారు. "చెట్టు కొట్టడం లేదు కదండీ, కొమ్మలే కదా! నెల తిరిగేసరికి మళ్ళీ చిగురిస్తాయి" అంటారు.

పెద్దాయన అడిగింది నవ్వవలసిన ప్రశ్న కాదు. సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఢిల్లీ హైకోర్టు 2023 మే నెలలో ఒక తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం అంతా ఒక అంకె చుట్టూ తిరిగింది. ఆ అంకె 15.7 సెంటీమీటర్లు. అంతకంటే ఎక్కువ చుట్టుకొలత లేని కొమ్మలను ఎవరి అనుమతీ లేకుండా కత్తిరించవచ్చునని ఢిల్లీలో అధికారుల మార్గదర్శకాలు ఉండేవి. పదిహేను కాదు, పదహారు కాదు, 15.7 ఎక్కడినుంచి వచ్చింది? లెక్కల పుస్తకం తెరవండి. 15.7ను 3.14తో భాగిస్తే 5 వస్తుంది. అంటే 5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న కొమ్మ అన్నమాట. మీ మణికట్టు లావుండే కొమ్మ అనుకోండి.

ఆ కొమ్మ దగ్గరకు మళ్ళీ వద్దాం. దానికి ముందు ఇంకొక సంగతి తేల్చుకోవాలి.

ఏది చెట్టు?

మీకూ నాకూ చెట్టంటే ఏమిటో తెలుసు. చట్టానికి మాత్రం కొలత కావాలి. కొలత లేకపోతే తులసి మొక్క పీకినా నేరమే అవుతుంది, లేదా ఎంత మాను నరికినా "అది పొదేనండీ" అని తప్పించుకోవచ్చు. అందుకని ఢిల్లీ వృక్ష పరిరక్షణ చట్టం, 1994 చెట్టును ఇలా నిర్వచించింది: కొమ్మలను మోసే మాను ఉన్న కలప మొక్క అయి ఉండాలి, నేలనుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున మాను వ్యాసం 5 సెంటీమీటర్లకు తక్కువ కాకూడదు, మొక్క ఎత్తు ఒక మీటరుకు తక్కువ కాకూడదు. ఈ మూడూ ఉంటే అది చెట్టు. దాన్ని కొట్టాలంటే అది మీ పెరట్లో మీ చేత్తో నాటినదైనా సరే, చెట్ల అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి.

దేశాన్నిబట్టి ఈ కొలత మారుతుంది. బ్రిటనులో పరిరక్షిత ప్రాంతాలుగా ప్రకటించిన పేటల్లో, నేలనుంచి ఒకటిన్నర మీటరు ఎత్తున ఏడున్నర సెంటీమీటర్ల వ్యాసానికి మించిన చెట్టును ముట్టుకోవాలంటే ఆరు వారాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలి. సింగపూరులో చెట్ల పరిరక్షణ ప్రాంతాలు వేరుగా ఉన్నాయి. అక్కడ అర మీటరు ఎత్తున చుట్టుకొలత ఒక మీటరు దాటితే అనుమతి తప్పనిసరి. మన దేశపు అటవీ శాఖలవారు మామూలుగా మానును 1.37 మీటర్ల ఎత్తున, అంటే నిలబడ్డ మనిషి రొమ్ము ఎత్తున, కొలుస్తారు.

ఇక్కడ మీకు ఒక చిక్కు ప్రశ్న. ఈ రోజు ఒక వేపచెట్టుకు 1.37 మీటర్ల ఎత్తున రంగుతో గీత గీశారు. పదేళ్ళలో చెట్టు మూడు మీటర్లు పెరిగింది. గీత ఇప్పుడు ఎంత ఎత్తున ఉంటుంది?

చాలామంది గీత కూడా పైకి పోతుందంటారు. పోదు. అక్కడే ఉంటుంది. చెట్టు పొడుగయ్యేది కొమ్మల చివర్లలోని మొగ్గల దగ్గర మాత్రమే. మాను సాగదు, లావవుతుంది అంతే. అందుకే ఒకే ఎత్తున ఏటా కొలిచినప్పుడు చెట్టు ఎంత లావెక్కిందో సరిగ్గా తెలుస్తుంది.

మన తెలుగు రాష్ట్రాల సంగతి చెప్పకపోతే బాగుండదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. జనం వాడుకలో అది వాల్టా చట్టం. పొలంలో బోరు వేయడానికి పర్మిషను కావాలన్నది దీనివల్లనే కాబట్టి, పేరు చాలామంది రైతులకు తెలుసు. దాని పేరులో మూడో మాట చెట్లు అన్నది మాత్రం పట్నవాసులకు అంతగా గుర్తుండదు. 2014లో రాష్ట్రం రెండయ్యాక కూడా ఈ చట్టం రెండుచోట్లా నడుస్తున్నది. దీని ప్రకారం చెట్టు కొట్టేముందు అధికారి అనుమతి కావాలి. చెట్ల వ్యవహారం చూసేది అటవీ శాఖ. అడవిలో ఉండే శాఖకు హైదరాబాదులో పనేమిటని మీరు అడగవచ్చు. ఇదే పని!

మహారాష్ట్రలో పట్టణ ప్రాంతాల చెట్ల చట్టం ఇంకా పాతది, 1975 నాటిది. అందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటి ఉంది. చెట్టు కొట్టడానికి దరఖాస్తు వస్తే ఆ సంగతి పత్రికల్లో ప్రకటించడంతోపాటు ఒక నోటీసును చెట్టుకే అంటించాలి. దారిన పోయేవారెవరైనా చదివి, ఏడు రోజుల్లోగా తమ అభ్యంతరం చెప్పవచ్చు.

నరకడం అంటే ఏమిటి?

గొడ్డలితో మొదలు నరికితేనే చెట్టు కొట్టినట్టా? ఢిల్లీ చట్టం రాసినవారు ఈ విషయంలో చాలా తెలివిగా ఆలోచించారు. మాను నరకడం, వేళ్ళతో పెకలించడం, యంత్రంతో పడదోయడం మాత్రమే కాదు. కొమ్మలు కొట్టివేయడం, తల నరికి మోడు చేయడం, మందు పోసి చంపడం, కాల్చడం, మాను చుట్టూ బెరడును వలయంగా ఒలవడం, ఇవన్నీ "కొట్టడం" కిందికే వస్తాయని నిర్వచనంలో చేర్చారు.

బెరడు ఒలిస్తే చెట్టెందుకు చస్తుందో ఒక్క మాటలో చెప్పుకుందాం. వేళ్ళు పీల్చిన నీరు పైకి వెళ్ళేది లోపలి దారువులోంచి. ఆకులు తయారుచేసిన ఆహారం కిందికి దిగేది బెరడు లోపలి అంచునున్న పోషక కణజాలంలోంచి. చుట్టూరా బెరడు ఒలిస్తే నీరు పైకి పోతూనే ఉంటుంది, ఆకులు కొన్నాళ్ళు పచ్చగానే ఉంటాయి. వేళ్ళు మాత్రం ఆకలితో మాడిపోతాయి. చూసేవారికి చెట్టు దానంతట అదే ఎండిపోయినట్టు కనిపిస్తుంది! దుకాణం బోర్డుకు అడ్డంగా ఉన్న చెట్లు "వాటంతట అవే" ఎండిపోవడం వెనక చాలాసార్లు ఉండే రహస్యం ఇదే. చట్టం రాసినవారు ఆ రహస్యం ఎరిగినవారే అయి ఉండాలి.

ఇప్పుడు మన కొమ్మ దగ్గరకు వద్దాం. కొమ్మలు కొట్టడం కూడా "కొట్టడం" కిందికే వస్తుందని చట్టం అంటున్నది. 15.7 సెంటీమీటర్ల దాకా ఫరవాలేదని మార్గదర్శకాలు అన్నాయి. చట్టంలో లేని మినహాయింపు మార్గదర్శకాలు ఇవ్వడం కుదరదని హైకోర్టు ఆ వెసులుబాటును కొట్టివేసింది. మీరు ఇంకొకటి గమనించారా? 5 సెంటీమీటర్ల వ్యాసం మాను ఉన్న మొక్కను చట్టం చెట్టు అంటున్నది, దానికి అనుమతి కావాలంటున్నది. అదే 5 సెంటీమీటర్ల లావున్న కొమ్మకు మాత్రం అనుమతి అక్కరలేదన్నారు. ఒక పెద్ద చెట్టుమీద అటువంటి కొమ్మలు యాభై ఉంటాయి. యాభైనీ ఒకే పూట కొట్టేసినా, ఒక్కొక్కటీ కొలిస్తే నేరం కనిపించదు! ఇక నాలుగేళ్ళ లేత చెట్టుకైతే 5 సెంటీమీటర్ల కొమ్మ అంటే దాదాపు సగం చెట్టే.

అయినా, "మళ్ళీ చిగురిస్తుంది కదా" అన్న మాట మిగిలే ఉంది. దానికి జవాబు కోర్టులో దొరకదు. చెట్టు లోపలికి చూడాలి.

చెట్టు గాయం మానదు

మీ మోచెయ్యి గీరుకుపోయింది. వారం రోజుల్లో కొత్త చర్మం వస్తుంది. పాడైన కణాలు పోయి, వాటి స్థానంలో కొత్త కణాలు వచ్చాయన్నమాట. చెట్టుకు ఈ శక్తి లేదు. కలపలో ఒకసారి పాడైన భాగం ఎప్పటికీ పాడైనదే. దాన్ని తీసి పారేసి కొత్త కలప పెట్టుకోవడం ఏ చెట్టుకూ చేతకాదు.

మరి వేలాది కొమ్మలు విరిగినా చెట్లు వందల ఏళ్ళు ఎలా బతుకుతున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాడు అమెరికా అటవీ శాఖలో పనిచేసిన ఆలెక్స్ షైగో అనే శాస్త్రజ్ఞుడు. ఆయనకు ముందు కలపను పరిశీలించేవారు సాధారణంగా మానును అడ్డంగా కోసి చూసేవారు. షైగో మోటారు రంపంతో నిలువుగా చీల్చి చూడసాగాడు. అలా వేలకొద్దీ చెట్లను చీల్చి చూశాక, 1977లో ఒక సిద్ధాంతం ప్రచురించాడు. చెట్టు గాయాన్ని మాన్పదు, గాయం చుట్టూ గోడలు కడుతుంది.

ఆ గోడలు నాలుగు. గాయానికి పైనా కిందా నీటి గొట్టాలను జిగురు పదార్థాలతో మూసివేయడం మొదటి గోడ. ఇది అన్నిటికంటే బలహీనమైనది. అందుకే పుచ్చు నిలువుగా చాలా దూరం పాకుతుంది. వార్షిక వలయాల అంచులు లోపలి దిక్కున రెండో గోడ. కేంద్రంనుంచి బెరడువైపు కిరణాల్లా సాగే కణాల వరుసలు పక్కలకు మూడో గోడ. నాలుగోది గాయం అయ్యాక పుట్టేది. బెరడుకూ కలపకూ మధ్య కేంబియం అనే పలుచని సజీవమైన పొర ఉంటుంది. గాయం తగలగానే అది ఒక ప్రత్యేకమైన కణాల పొరను కట్టి, పాత కలపనూ ఇకముందు పుట్టే కలపనూ వేరుచేస్తుంది. నాలుగింటిలోనూ గట్టిది ఇదే. మన ఊరి చింతచెట్టు తొర్రలో ఇద్దరు పిల్లలు దాక్కునేంత చోటుంటుంది, అయినా చెట్టు ఏటా కాయలు కాస్తుంది. తొర్ర అన్నది గాయం తగిలిననాటి చెట్టు, తొర్ర చుట్టూ ఉన్నది ఆ తరవాత పెరిగిన చెట్టు. నడుమ నాలుగో గోడ ఉంది.

గోడలు ఊరికే లేవవు. వాటికి ఆహారం ఖర్చవుతుంది. ఆ ఆహారం తయారయ్యేది ఆకుల్లో. ఆకులున్న కొమ్మలనే కొట్టేశాం! గాయాలు పెంచి, వైద్యానికి కావలసిన డబ్బు కూడా లాక్కున్నట్టయింది. "చిగురించింది కదా" అని మనం సంతోషించే ఆ చిగుళ్ళు దాచుకున్న ఆహారాన్ని ఖర్చుపెట్టి ఆదరాబాదరాగా వేసినవి. పైగా అటువంటి కొత్త కొమ్మలు బెరడు కిందనుంచి మొలుస్తాయి. మాను లోపలి కలపలో వాటికి లోతైన పట్టు ఉండదు. నాలుగేళ్ళకు అవి లావెక్కి, గాలివానకు సరిగ్గా తీగలమీదే విరిగిపడతాయి. తీగలను కాపాడడానికని తల నరికిన చెట్టే తీగలకు పెద్ద ప్రమాదమవుతుంది.

గాయం ఎంత వెడల్పు అన్నది కూడా ముఖ్యమే. చుట్టూ ఉన్న కొత్త కలప ఏటా అన్ని వైపులనుంచీ ఒక్కొక్క సెంటీమీటరు చొప్పున గాయంమీదికి పాకుతుందనుకుందాం. 5 సెంటీమీటర్ల గాయం రెండున్నర ఏళ్ళకు మూతపడుతుంది. 30 సెంటీమీటర్ల గాయానికి 15 ఏళ్ళు పడుతుంది. ఈ 15 ఏళ్ళూ వాన నీరు, శిలీంధ్రాలు, చెదలు అన్నిటికీ తలుపు తెరిచే ఉంటుంది.

ఎక్కడ కోయాలి?

అలాగని ఎప్పుడూ కొమ్మే కొట్టకూడదంటే కుదరదు. తీగలు ఉన్నాయి, బస్సులు తిరుగుతాయి, ఎండిన కొమ్మ ఎవరి నెత్తిమీదైనా పడవచ్చు. కోసే చోటు తెలిసి కోయాలి.

కొమ్మ మానును కలిసే చోట జాగ్రత్తగా చూడండి. మొదట్లో చిన్న ఉబ్బెత్తు పట్టీ కనిపిస్తుంది, మెడలో కంటెలాగా. దాన్ని ఇక్కడ కంటె అనే పిలుద్దాం. గోడలు కట్టే సరంజామా అంతా ఆ కంటెలోనే ఉంటుంది. మానుకు సమంగా, నున్నగా కనిపించేలా చెక్కితే కంటె పోతుంది, గాయం రెట్టింపవుతుంది. చూడడానికి శుభ్రంగా ఉందని వడ్రంగి మెచ్చుకోవచ్చుగాని చెట్టు మెచ్చుకోదు. పోనీ అని జానెడు మొండెం వదిలేస్తే అది ఎండి పుచ్చిపోతుంది, కొత్త కలప దాన్ని కప్పలేదు. కంటెకు సరిగ్గా బయట కోయాలి.

బరువైన కొమ్మకు మూడు కోతలు పెడతారు. మానుకు ఒక అడుగు దూరంలో కొమ్మకు కిందివైపునుంచి కొంతమేర కోస్తారు. దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే కొమ్మ విరిగిపడుతుంది. మొదటి కోత ఉన్నందువల్ల బెరడు మాను పొడుగునా చీరుకుపోదు. ఇక మిగిలిన మొండాన్ని కంటె అంచున తీసేస్తారు. ఇది చేయడానికి రంపం కావాలి. మన వీధుల్లో ఎక్కువగా కత్తీ గొడ్డలీ కనిపిస్తాయి. పనివాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. వాళ్ళకు సాయంత్రంలోగా ముప్పై చెట్లు అప్పగించి పంపినవారినే అడగాలి.

గాయానికి తారు పూయడం మనవాళ్ళకు అలవాటు. తారు వల్ల పుచ్చు ఆగదు. ఒక్కోసారి తేమ లోపలే నిలిచి కీడే జరుగుతుంది. పండ్లతోటల్లో రైతులు పూసే బోర్డో పేస్టు వేరు. అది శిలీంధ్రాలను చంపే రాగి మందు.

అసలు తీగల కింద ఏ మొక్క నాటారన్నది మొదట్లోనే చూసుకుంటే ఈ కోతల బాధ సగం తగ్గుతుంది. పారిజాతం, గన్నేరు వంటివి తీగలదాకా పెరగవు. రావి, నేరేడు పెరుగుతాయి. నాటేటప్పుడు అన్నీ జానెడు మొక్కలే కనుక ఎవరికీ తేడా తోచదు. నాటడానికి కూడా కొన్నిచోట్ల నిషేధాలున్నాయి. రోడ్ల నడుమ పచ్చగా గుబురుగా పెరుగుతుందని దేశమంతటా నాటిన కోనోకార్పస్ మొక్కను ఇక నాటవద్దని గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆదేశించింది.

కనిపించని సగం

కొమ్మకైనా సాక్షులుంటారు. వేళ్ళు నరికితే చూసేవారే ఉండరు. కాలిబాట వేసేటప్పుడు, కేబులు పాతేటప్పుడు గునపానికి అడ్డమొచ్చిన వేరును తెగ్గొట్టేస్తారు. చెట్టు వేళ్ళు పాతాళందాకా పోతాయని మనం కథల్లో చదువుకున్నాం. నిజానికి ఎక్కువ వేళ్ళు నేలపై పొరలోనే, సుమారు మీటరు లోతులోపలే ఉంటాయి. పక్కలకు మాత్రం కొమ్మల నీడను దాటి పోతాయి. వేళ్ళు కూడా శ్వాసిస్తాయి. వాటికి మట్టి సందుల్లోని గాలి కావాలి. మాను మొదటిదాకా సిమెంటు పోస్తే గాలీ నీరూ రెండూ బందు.

2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలోని చెట్ల చుట్టూ ఒక మీటరు మేర ఉన్న కాంక్రీటునంతా తీసివేయాలని ఆదేశించింది. మీ బడి ముందున్న చెట్టు దగ్గర టేపు పెట్టి చూడండి. మీటరు మాట అటుంచి, మూరెడు మట్టి కనిపిస్తే ఆ చెట్టు అదృష్టం చేసుకున్నట్టే! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు వీధుల నిండా చెట్లు కూలాయి. అంతటి గాలికి ఆరోగ్యంగా ఉన్న చెట్లూ పడతాయి. కాని వేళ్ళు ఒక పక్క తెగి, కొమ్మలు ఇంకో పక్కే మిగిలిన చెట్టు చిన్న గాలికే పడుతుంది.

చెట్టు ముసలిదైతే దానికోసం ఎంత కష్టపడాలో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెబుతుంది. ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మలు విరగసాగాయి. 2018లో అటవీ శాఖవారు ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి, పలుచన చేసిన పురుగుమందును చుక్కచుక్కగా మానులోకి ఎక్కించారు. ఊడలను గొట్టాలగుండా నేలకు దించారు.

ఒకటికి పది

ప్రమాదకరంగా ఒరిగిన చెట్టు, మొదట్లో పుట్టగొడుగులు మొలిచి లోపల డొల్లయిన చెట్టు, వీటిని కొట్టవలసిందే. ప్రాణానికో ఆస్తికో తక్షణం ముప్పు ఉంటే అనుమతికోసం ఆగనక్కరలేదనీ, కొట్టిన 24 గంటల్లోగా అధికారికి తెలియజేయాలనీ ఢిల్లీ చట్టమే చెబుతున్నది. మామూలు దరఖాస్తు అయితే అధికారి 60 రోజుల్లోగా తేల్చాలి. అనుమతి ఇస్తే దానితోపాటు కొత్త మొక్కలు నాటే బాధ్యత కూడా అంటగడతారు. ఒక చెట్టుకు పది మొక్కలన్న లెక్క ఢిల్లీలో ఉంది. ఒకటి పోయి పది వస్తే లాభమే కదా?

లెక్క వేద్దాం. కొట్టిన చెట్టు మాను వ్యాసం 60 సెంటీమీటర్లు. నాటిన మొక్క చేతికర్ర లావు, 3 సెంటీమీటర్లు. వ్యాసంలో తేడా 20 రెట్లు. అడ్డకోత వైశాల్యంలో 20 × 20, అంటే 400 రెట్లు. పెద్ద చెట్టులో నడిమి చేవ నీటిని మోయదు కనుక సగం తీసేసినా 200 రెట్లు. మాను వైశాల్యాన్ని ఆకుల విస్తీర్ణానికి మోటు కొలతగా తీసుకుంటే పది మొక్కలూ కలిసి పాత చెట్టు నీడలో ఇరవయ్యో వంతు. అదీ పదీ బతికితే!

మహారాష్ట్రవారు 2021లో తమ చట్టాన్ని సవరించినప్పుడు ఈ చిక్కును మరో దారిన పట్టుకున్నారు. చెట్టు వయస్సు ఎంతో అన్ని మొక్కలు నాటాలన్నారు. యాభై ఏళ్ళు దాటిన చెట్టును వారసత్వ వృక్షం అన్నారు. ఆలోచన మంచిదే, కాని నిలబడ్డ చెట్టు వయస్సు చెప్పడం ఎలా? టేకులో ఏటా ఒక వలయం స్పష్టంగా ఏర్పడుతుంది. మర్రిలో, వేపలో వలయాలు అంత తేటగా ఉండవు. చుట్టుకొలతనుబట్టి అంచనా కట్టవలసిందే.

చెట్టును కొట్టకుండా పెకలించి మరోచోట నాటుతామనే వారూ ఉన్నారు. ఢిల్లీ 2020లో దీనికోసం ఒక విధానమే తెచ్చింది. తరలించిన చెట్లలో నూటికి 80 ఏడాది తరవాత బతికి ఉండాలన్నది నియమం. 2022లో ప్రభుత్వమే హైకోర్టుకు సమర్పించిన లెక్క ఇలా ఉంది: అంతకుముందు మూడేళ్ళలో తరలించినవి 16,461, బతికినవి 5,487. సరిగ్గా మూడింట ఒకటి. వేళ్ళ సంగతి చదివారు కనుక మీకు ఆశ్చర్యం కలగకూడదు. మీటరు వెడల్పు మట్టిముద్దతో చెట్టును లేపితే, ఆ ముద్ద బయట ఉన్న వేళ్ళన్నీ తెగినట్టే.

ఇంతకీ చెట్టు ఖరీదెంత? పశ్చిమ బెంగాల్‌లో రైల్వే వంతెనలకోసం 356 పాత చెట్లు కొట్టే విషయం వచ్చినప్పుడు సుప్రీంకోర్టు ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలని, దాన్ని వయస్సుతో గుణించాలని ఆ సంఘం 2021లో చెప్పింది. అందులో 45,000 ప్రాణవాయువు ఖరీదే. ఈ లెక్క నాకు అంతగా రుచించలేదు. గాలిలో ప్రాణవాయువు నూటికి 21 వంతులుంది, వీధిలో చెట్టు పోయినంతమాత్రాన దానికి కరువు రాదు. వీధికి చెట్టు చేసే అసలు మేలు చల్లదనం. ఒక పెద్ద చెట్టు వేసవి రోజున 100 లీటర్ల నీటిని ఆకులనుంచి ఆవిరిగా వదిలిందనుకోండి. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ళ వేడి కావాలి, ఆ వేడిని చుట్టూ ఉన్న గాలినుంచి, ఆకులమీద పడిన ఎండనుంచి లాక్కుంటుంది. మొత్తం 2,43,000 కిలోజౌళ్ళు. 3,600తో భాగిస్తే అరవై ఏడున్నర యూనిట్ల కరెంటుతో సమానం. ఒకటిన్నర టన్నుల ఏసీ యంత్రం పన్నెండు గంటలకు పైగా ఆగకుండా నడిస్తే గదిలోంచి అంత వేడిని తోడుతుంది. ఏసీ ఆ వేడిని తెచ్చి వీధిలోనే పోస్తుంది, చెట్టు ఆ పని చేయదు.

ఖరీదు ఇంత ఉంటే జరిమానా? ఢిల్లీ చట్టంలో 1994లో రాసిన శిక్ష ఏడాదిదాకా జైలు, లేదా వెయ్యి రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. ఇళ్ళ స్థలాలమ్మే వ్యాపారికి వెయ్యి రూపాయలు లెక్కా? ఈమధ్య కోర్టులు గట్టిగా పట్టుకుంటున్నాయి. ఉత్తరప్రదేశ్‌లో మథుర, బృందావనం దగ్గర 2024 సెప్టెంబరులో ఒక రాత్రి 454 చెట్లు కొట్టేశారు. అది తాజ్‌మహల్ రక్షణకోసం గీసిన మండలంలోని భూమి. చెట్టుకు లక్ష రూపాయల చొప్పున కట్టాలని సుప్రీంకోర్టు 2025 మార్చిలో తీర్పు చెప్పింది. ఢిల్లీలో 50, అంతకుమించి చెట్లు కొట్టాలంటే చెట్ల అధికారి ఒప్పుకున్నా చాలదనీ, తాను నియమించిన కేంద్ర సాధికార సంఘం కూడా ఒప్పుకోవాలనీ 2024 డిసెంబరులోనే ఆదేశించింది.

మీరు చేసి చూడండి

ఒక పురికొస, ఒక టేపు చాలు. మీ వీధిలో ఒక చెట్టును ఎంచుకోండి. నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తున పురికొస చుట్టి, పొడవు కొలిచి, 3.14తో భాగించండి. వ్యాసం వస్తుంది. నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. గుర్తుకోసం మేకు మాత్రం కొట్టకండి, నాలుగు గోడలు కట్టే పని పెట్టినవారవుతారు.

తరవాత మానుమీద పాత కోతల గుర్తులకోసం వెతకండి. గాయం చుట్టూ కొత్త కలప గుండ్రంగా, గారెలా పూర్తిగా చుట్టుకుని ఉంటే ఆ కొమ్మను కంటె దగ్గర సరిగ్గా కోశారన్నమాట. పక్కల రెండు పెదవుల్లా మాత్రమే లేచి, పైనా కిందా ఖాళీగా, కన్ను ఆకారంలో ఉంటే మానుకు సమంగా చెక్కేశారు. మొండెం బయటికి పొడుచుకుని ఉంటే దాన్ని వేలితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తుందేమో వినండి. ఒక వీధిలో పది చెట్లు చూస్తే, మీ ఊళ్ళో కొమ్మలు కొట్టేవారికి పని ఎంతవరకు వచ్చునో పది నిమిషాల్లో తెలుస్తుంది.